పవర్ పెంచితే మాడుతుంది, తగ్గిస్తే తెగదు: లేజర్ కటింగ్‌లో అసలు మెలిక

ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా షెడ్డుకు వచ్చిన మొదటి పెద్ద పని ఒక ఇంటి గేటు. రెండు రెక్కలు. ఒక దాని మీద శంఖం, రెండో దాని మీద చక్రం, పైన అడ్డపట్టీలో జగన్నాథుడి గుండ్రటి కళ్లు. ఇంటాయనది టెక్కలి వైపు, ఇల్లాలిది బరంపురంలోని ఒడియా కుటుంబం. అందుకే రెండిళ్ల దేవుళ్లూ గేటు మీద ఉండాలన్నారు. రెండు మిల్లీమీటర్ల ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) షీటు, 1500 వాట్ల ఫైబర్ లేజర్, ఆక్సిజన్ సిలిండర్. కళ్లు అచ్చు గీసినట్టు వచ్చాయి. శంఖం వంపులూ బాగానే తిరిగాయి. చక్రం దగ్గరే చెడింది. చుట్టూ ఉన్న పదహారు మంట మొనల్లో ఒక్కటీ మొనగా మిగల్లేదు. కొసలు మాడి మొద్దుబారాయి, పక్కన నీలం నలుపు మరక పడింది, అడుగున చిట్టెం, అంటే కరిగి జారని లోహపు మడ్డి, గోళీల్లా గడ్డకట్టింది. ఇంటాయన ఒక మొనను వేలితో తడిమి చూసి, "మొనలన్నీ మాడిపోయాయి కదా బాబూ" అన్నారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మెషీన్ అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "పవర్ తగ్గించండి" అన్నారు. 1500 నుంచి 700కి దించాను. మొనలు కాస్త నయం. కానీ తిన్నటి గీతల్లో షీటు సగం లోతు వరకే తెగింది, నిప్పురవ్వలు కిందికి పోవాల్సింది పోయి పైకి చిమ్మాయి. మళ్లీ పెంచితే మళ్లీ మాడింది. మధ్యలో ఎక్కడో సరైన అంకె ఉంటుందని రెండు రోజులు వెతికాను, ఒక షీటు మొత్తం స్క్రాప్ చేశాను. అలాంటి అంకె లేదని తర్వాత తెలిసింది. ఒకే అంకెతో రెండు పనులు చేయించాలనుకోవడమే నా తప్పు.

మా సరిహద్దు ఊళ్లలో ఈ పని నేర్చుకునే పిల్లలకు ఒక కష్టం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మెషీన్ స్క్రీన్ మీద ఇంగ్లీషు. ఏ బటన్ ఎక్కడుందో రెండు రోజుల్లో వచ్చేస్తుంది. ఆ బటన్ లోహానికి ఏం చేస్తుందో చెప్పేవాళ్లే దొరకరు. పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి వచ్చి మా దగ్గర పని చూసి వెళ్లే కుర్రాళ్లు అడిగే ప్రశ్నలన్నీ చివరికి ఒక్క చోటికే వస్తాయి: పవర్ ఎంత పెట్టాలి? ఆ ప్రశ్ననే కొంచెం మార్చాలని నా తాపత్రయం.

మెషీన్ మీద రాసుండే 1500 వాట్లు గొప్ప సంఖ్యేమీ కాదు. ఇంట్లో ఇండక్షన్ పొయ్యి కూడా 1500 నుంచి 2000 వాట్లే. దాని మీద టీ కాస్తాం, అన్నం వండుతాం, గిన్నె మాత్రం కరగదు. ఎందుకంటే ఆ వేడి జానెడు వెడల్పున్న అడుగంతటా పరుచుకుంటుంది. లెక్క వేస్తే చదరపు సెంటీమీటరుకు ఆరు వాట్లు రావు. అదే 1500 వాట్లను వెంట్రుకంత మందం, అంటే 0.1 మిల్లీమీటరు చుక్కలోకి కుదిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.9 కోట్ల వాట్లు అవుతాయి. మిట్టమధ్యాహ్నం మన నెత్తి మీద పడే ఎండ అంతే జాగాలో వాటులో పదో వంతు. ఈ "ఎంత జాగాలో ఎంత పవర్" అన్నదే తీవ్రత, ఇంగ్లీషులో ఇంటెన్సిటీ. లోహానికి తెలిసేది ఇదే. మీ మెషీన్ ఎన్ని కిలోవాట్లదో దానికి తెలియదు.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. చుక్క వెడల్పు 0.1 నుంచి 0.2 మి.మీ.కి పెరిగితే తీవ్రత సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 1.9 కోట్లు కాస్తా 48 లక్షలకు పడిపోతుంది. స్క్రీన్ మీద అంకె అలాగే ఉంటుంది, షీటు దగ్గర కథ మారిపోతుంది.

తీవ్రత పెరిగేకొద్దీ లోహం ఒకదాని తర్వాత ఒకటిగా వేర్వేరు రకాలుగా ప్రవర్తిస్తుంది. చదరపు సెంటీమీటరుకు వేల వాట్ల స్థాయిలో ఉక్కు పైపొర ఎర్రబడుతుంది, వెలుతురు పక్కకు జరగగానే లోపలి చల్లటి లోహం ఆ వేడిని లాగేసుకుంటుంది, పొర గట్టిపడుతుంది. కమ్మరి కొడవలిని కాల్చి నీళ్లలో ముంచితే జరిగేదే నీళ్లు లేకుండా జరుగుతుంది. లక్ష దగ్గరికి వస్తే కరుగుతుంది. పది లక్షలు దాటితే లోహం మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరి వెనక్కి తన్నడంతో కరిగిన లోహం పక్కకు జరిగి సన్నటి బావి ఏర్పడుతుంది. బావి పడ్డాక లెక్కంతా మారుతుంది. చల్లటి నున్నటి ఉక్కు మీద ఫైబర్ లేజర్ కాంతి పడితే లోపలికి వెళ్లేది మూడో వంతు, మిగతాది తిరిగి పైకి పోతుంది. బావిలో దిగిన కాంతి మాత్రం గోడకు తగిలి, ఎదుటి గోడకు తగిలి, చాలా వరకు లోపలే ఖర్చవుతుంది. కోయడం, లోతుగా వెల్డింగ్ చేయడం ఈ మెట్టు దాటాకే. ఈ అంకెలు గీత గీసినట్టు ఉండవు, లోహాన్ని బట్టీ వేగాన్ని బట్టీ కొంత అటూ ఇటూ జరుగుతాయి. కానీ మెట్లు మాత్రం నిజం. మెట్టుకు కింద ఉండి ఎంతసేపు వేడి పెట్టినా పై మెట్టు పని జరగదు. మెట్టు దాటినంత మాత్రాన కూడా చాలదు, వేగానికి తగ్గ శక్తి అందాలి. నేను 700 వాట్లు పెట్టినప్పుడు తిన్నటి గీతల్లో షీటు సగమే తెగడానికి కారణం, ఆ వేగంలో అడుగు దాకా కోసేంత శక్తి అందకపోవడం.

ఇది నమ్మలేనివాళ్లను నేను గిన్నెల కొట్టుకు పంపిస్తాను. పెళ్లికి ఇచ్చే స్టీలు బిందెల మీద, పళ్లేల మీద పేర్లు ఒకప్పుడు చేతి మెషీన్‌తో గరగర చెక్కేవాళ్లు. ఇప్పుడు చాలా చోట్ల చిన్న ఫైబర్ మార్కింగ్ మెషీన్ వచ్చింది. దాని పవర్ 20 వాట్లు, ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ అంత. అది స్టీలు మీద ఎలా రాస్తోంది? ఆ 20 వాట్లను నీళ్లలా వదలదు. సెకనుకు 20 వేల దెబ్బలుగా విడగొడుతుంది. ఒక్కో దెబ్బలో ఉండే శక్తి జౌలులో వెయ్యో వంతు (ఒక వాటు ఒక సెకను పాటు ఇచ్చే శక్తి ఒక జౌలు), కానీ అది 100 నానోసెకన్లలో, అంటే సెకనులో కోటో వంతులో, దిగిపోతుంది. ఆ క్షణానికి పవర్ 10 వేల వాట్లు. చుక్క 0.05 మి.మీ. అనుకుంటే తీవ్రత చదరపు సెంటీమీటరుకు 51 కోట్ల వాట్లు. అంటే మా షెడ్డులోని 1500 వాట్ల మెషీన్ కన్నా ట్యూబ్‌లైటంత మెషీన్ ఆ క్షణంలో ఇరవై అయిదు రెట్లకు పైగా ఎక్కువ తీవ్రంగా కొడుతోంది. వెంటనే ఆగిపోతుంది కాబట్టి పళ్లెం చేతికి వేడి కూడా తగలదు.

ఇక్కడ రెండు తీగలు విడిపోతాయి. ఒకటి, లోహం మెట్టు ఎక్కడానికి కావలసిన క్షణకాలపు తీవ్రత. రెండోది, మొత్తం మీద షీటులో మిగిలిపోయే సగటు వేడి. మొదటిది లేనిదే కోత మొదలుకాదు, రెండోది మరీ ఎక్కువైతే మాడుతుంది. నేను రెండు రోజులు వెతికిన "సరైన పవర్" దొరకకపోవడానికి కారణం, పవర్ అనే ఒక్క మీటతో రెండింటినీ కలిపి లాగడమే.

చక్రం మొన దగ్గర ఏం జరిగిందో ఇప్పుడు లెక్క వేద్దాం. తిన్నటి గీతలో కటింగ్ హెడ్ నిమిషానికి 6 మీటర్ల వేగంతో పోతోందనుకోండి, అంటే సెకనుకు 100 మి.మీ. 1500 వాట్లు అంటే ప్రతి మిల్లీమీటరుకు 15 జౌళ్లు. మొన దగ్గర హెడ్ వెనక్కి తిరగాలి. అంత బరువు ఒక్కసారి తిరగలేదు కాబట్టి ముందే వేగం తగ్గించుకుంటుంది. నిమిషానికి మీటరుకు పడిపోయిందనుకుంటే మిల్లీమీటరుకు 90 జౌళ్లు, ఆరింతలు. పైగా మొన అంటేనే సన్నటి కొస. వేడి పారిపోవడానికి పక్కన లోహమే లేదు. ఒక వైపు కోసుకుంటూ వచ్చిన వేడి ఇంకా చల్లారకముందే రెండో వైపు కోత మొదలవుతుంది. ఇది చాలదన్నట్టు ఆక్సిజన్ ఉంది. ఎంఎస్ షీటును ఆక్సిజన్‌తో కోసేటప్పుడు ఇనుమే మండి వేడి ఇస్తుంది, దగ్గర దగ్గర సగం వేడి అక్కడి నుంచే వస్తుంది. లేజర్‌ను తగ్గించగలం గానీ అంటుకున్న ఇనుమును ఆపడం అంత తేలిక కాదు.

దీనికి విరుగుడు కమ్మరి చేతిలోనే ఉంది. సన్నటి కొసను సాగదీసేటప్పుడు తెలిసిన కమ్మరి సుత్తి దెబ్బను బలహీనం చేయడు. బలహీనమైన దెబ్బకు ఇనుము సాగదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఇస్తాడు. లేజర్‌లో అదే పల్స్ మోడ్. స్క్రీన్ మీద పీక్ పవర్, డ్యూటీ, ఫ్రీక్వెన్సీ అని మూడు గళ్లుంటాయి. పీక్ అంటే కాంతి వెలిగినప్పటి పవర్, డ్యూటీ అంటే నూటికి ఎంత సమయం వెలిగి ఉంటుందన్నది, ఫ్రీక్వెన్సీ అంటే సెకనుకు ఎన్ని దెబ్బలన్నది. పీక్‌ను 1500 దగ్గరే ఉంచి డ్యూటీని 30 శాతానికి దించితే కాంతి వెలిగిన ప్రతిసారీ తీవ్రత పూర్తిగా ఉంటుంది, లోహం మెట్టు దాటుతుంది, కానీ సగటు 450 వాట్లే. మొన దగ్గర మిల్లీమీటరుకు 90 జౌళ్లు 27కి దిగుతాయి. వెలిగీ ఆరే ఆ సందులో కరిగిన లోహాన్ని గ్యాస్ కిందికి ఊదేస్తుంది.

అయితే తిన్నటి గీతలోనూ ఇదే పెట్టేస్తే కుదరదు. ఫ్రీక్వెన్సీ 1000 అనుకుందాం. మొన దగ్గర సెకనుకు 17 మి.మీ. వేగంలో దెబ్బకీ దెబ్బకీ మధ్య 0.017 మి.మీ. మాత్రమే. 0.1 మి.మీ. చుక్కలు ఒకదాని మీద ఒకటి చక్కగా పడతాయి. అదే సెకనుకు 100 మి.మీ. వేగంలో మధ్య దూరం 0.1 మి.మీ. అవుతుంది, చుక్కలు పక్కపక్కన అంటీ అంటనట్టు పడి అంచు రంపప్పళ్లలా వస్తుంది. కాబట్టి వేగం మారినప్పుడల్లా డ్యూటీ, ఫ్రీక్వెన్సీ కూడా దానితో పాటు మారాలి. ఇప్పటి కంట్రోలర్లలో వేగానికీ పవర్‌కూ ముడివేసే గ్రాఫ్ ఉంటుంది. దాన్ని తెరిచి చూడని ఆపరేటర్లను ఎంతమందినో చూశాను. మెషీన్ బిగించిన రోజున ఏది పెట్టి వెళ్లారో అదే గీత ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. నాకు ఈ విషయంలో నిజంగా బాధ కలుగుతుంది. లక్షలు పోసి కొన్న మెషీన్‌లో అన్నిటికన్నా విలువైన గీత అదే.

మొనలకు ఇంకో రెండు ఉపాయాలున్నాయి. మొన బయట స్క్రాప్ ఉంటే అక్కడ ఆగకుండా స్క్రాప్‌లోకి దూసుకుపోయి, చిన్న ఉచ్చులా తిరిగి వచ్చి రెండో వైపు కోత మొదలుపెట్టించవచ్చు. వేగం తగ్గేదేదో పనికిరాని చోట తగ్గుతుంది. రెండోది, కొసకు రాగానే లేజర్ ఆపేసి, గ్యాస్‌ను మాత్రం ఒక్క క్షణం ఊదనిచ్చి మళ్లీ బయల్దేరడం. కాస్త టైమ్ పడుతుంది, కానీ మంచి ఫలితం ఇస్తుంది.

మందపాటి ప్లేటులో మొదటి రంధ్రం వేసేటప్పుడూ ఇదే సూత్రం. పది మి.మీ. ప్లేటు మీద ఒకేసారి పూర్తి పవర్ వదిలితే కరిగిన లోహానికి కింద దారి ఉండదు, పైకి ఎగిరి గ్యాస్, కాంతి బయటికొచ్చే నాజిల్‌కు అంటుకుంటుంది. హెడ్‌ను ఎత్తులో పెట్టి తక్కువ డ్యూటీతో మొదలుపెట్టి, రంధ్రం లోతు పెరిగేకొద్దీ దించుతూ డ్యూటీ పెంచుకుంటూ పోవాలి.

ఇంతసేపూ చెప్పింది కాలంలో తీవ్రతను ఎలా పంచాలన్నది. చుక్కలో ఎలా పంచాలన్నది ఇంకో సగం. చిన్న బర్నర్ మీద పెద్ద పెనం పెట్టి దోసె వేస్తే ఏమవుతుంది? నడుమ మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. మామూలు లేజర్ చుక్క కూడా అంతే. నడిమధ్య తీవ్రత సగటుకు రెండింతలు ఉంటుంది, అంచుకు పోయేకొద్దీ సన్నగిల్లుతుంది. పలుచని షీటు కోయడానికి ఈ సూదిమొన ఆకారం బాగా పనికొస్తుంది. మందపాటి ప్లేటుకు కాదు. కోత సందు మరీ సన్నగా వచ్చి కరిగిన చిట్టెం కిందికి జారదు, అంచు మీద లోతైన గీతలు పడతాయి. వెల్డింగ్‌లో అయితే బావి మూతి ముడుచుకుపోయి, లోపల చిక్కుకున్న ఆవిరి ఒక్కసారి తన్నుకొచ్చి చిటపట చిమ్ముతుంది.

అందుకని పెద్ద బర్నర్‌లో రింగు మంట పెట్టినట్టే లేజర్‌లోనూ పెట్టారు. కాంతిని మోసుకొచ్చే గాజు ఫైబర్ నడుమ ఒక దారి, దాని చుట్టూ రింగులా ఇంకో దారి. నడుమ ఎంత, రింగులో ఎంత అన్నది స్క్రీన్ మీదే మార్చుకోవచ్చు. రింగు ముందుగా వేడెక్కించి బావి మూతిని తెరిచి పట్టుకుంటుంది, నడిమి చుక్క లోతుకు దిగుతుంది. చిమ్మడం తగ్గుతుంది, మందపు ప్లేటు అంచు నున్నగా వస్తుంది. చిన్న ఊళ్ల షెడ్లలోకి కూడా వచ్చేసిన చేతి లేజర్ వెల్డింగ్ గన్‌లో దీనికి చవక మార్గం ఉంది. చుక్కను అద్దంతో గబగబా అటూ ఇటూ ఊపుతారు, వాబుల్ అంటారు దాన్ని. ఆ ఊపు వెడల్పు పెంచితే తీవ్రత పలుచబడుతుందని గుర్తుంచుకుంటే సగం వెల్డింగ్ సమస్యలు తీరుతాయి.

రాగి, ఇత్తడి గురించి ఒక మాట. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు, మాకు దగ్గర. గుడికి ఇత్తడి పలక కావాలని వచ్చేవాళ్లు మాకు తరచూ ఉంటారు. చల్లటి రాగి ఫైబర్ లేజర్ కాంతిలో నూటికి ఐదు వంతులు కూడా తీసుకోదు. తీసుకున్న కాస్త వేడినీ మామూలు ఇనుము కన్నా ఏడెనిమిది రెట్లు ఎక్కువగా పక్కకు పంచేస్తుంది. ఇసుకలో నీళ్లు పోసినట్టే. చెంబుతో పోస్తే ఇంకిపోతాయి, బిందె ఒక్కసారి కుమ్మరిస్తేనే ఒక్క క్షణమైనా నిలుస్తాయి. అందుకే ఇక్కడ నెమ్మదిగా మొదలుపెట్టడం తప్పు. మొదటి దెబ్బే గట్టిగా తగిలి కరగాలి. కరిగిందంటే కాంతిని బాగా తీసుకుంటుంది. తెగకపోతే మాత్రం కాంతి వచ్చిన దారినే తిరిగి వెళ్లి, లేజర్ పుట్టే పెట్టెను, అంటే సోర్సును, దెబ్బతీయవచ్చు. ఇత్తడిలో ఇంకో చిక్కు, అందులోని జింకు 907 డిగ్రీలకే మరిగిపోతుంది, రాగి కరగడానికి 1085 కావాలి. ఆ తెల్లటి పొగ పీల్చకూడదు. జింకు పూత ఉన్న జీఐ షీటుకూ అదే జాగ్రత్త. రాగి పనే ఎక్కువగా చేసేవాళ్లకు నీలి లేజర్లు వచ్చాయి. ఆ రంగు కాంతిలో సగానికి పైగా రాగి తీసుకుంటుంది.

రంగు ఇంత తేడా చేస్తుందా అంటే చేస్తుంది. ఫైబర్ లేజర్ తరంగం పొడవు సుమారు 1.07 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దానికి ముందు దశాబ్దాల పాటు రాజ్యమేలిన కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ది 10.6. ఆ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవాడు, పుణేలో ఇంజనీరింగ్ చదివినవాడు. మూడేళ్లకు, 1967లో, బ్రిటన్‌లో పీటర్ హౌల్డ్‌క్రాఫ్ట్ ఆ లేజర్‌కు ఆక్సిజన్ ధార జోడించి ఒక మిల్లీమీటరు ఉక్కును కోశాడు. దాని పవర్ 300 వాట్లు. ఆ సంఖ్య చూసినప్పుడల్లా మా 1500 మీద నాకు గౌరవం పెరుగుతుంది, ఫిర్యాదు తగ్గుతుంది.

ఇన్ని లెక్కలూ వేసుకున్నాక కూడా ఒక రోజు ఉన్నట్టుండి కోత చెడిపోతుంది. పొద్దున బాగా తెగిన షీటు మధ్యాహ్నానికి అడుగున చిట్టెం పట్టడం మొదలెడుతుంది. సెట్టింగులేవీ మారలేదు. అప్పుడు ముందు చూడాల్సింది హెడ్ కింద ఉండే ప్రొటెక్షన్ గ్లాసు. దాన్ని తీసి టార్చి ఏటవాలుగా కొట్టి చూస్తే ఆవగింజలో పావంత నల్లచుక్క కనిపిస్తుంది, చుట్టూ పల్చటి గోధుమరంగు మబ్బు. ఆ చుక్క కాంతిని మింగి వేడెక్కుతుంది, గ్లాసు నడుమ వేడెక్కి తానే ఒక చిన్న లెన్సులా పనిచేస్తుంది, ఫోకస్ పైకి జరుగుతుంది. చాలా మెషీన్లలో రెండు మూడు మిల్లీమీటర్లు జరిగితే చాలు, షీటు దగ్గర తీవ్రత సగమైపోతుంది. ఆపరేటర్ పవర్ పెంచుతాడు, గ్లాసు ఇంకా వేడెక్కుతుంది, ఫోకస్ ఇంకా జరుగుతుంది. గ్లాసు మార్చాల్సిన చోట పవర్ మార్చడం మా రంగంలో అన్నిటికన్నా మామూలు పొరపాటు.

మా వైపు వర్షాకాలంలో దీనికి తోడు ఇంకో బెడద. గంజాం తీరం నుంచి ఇక్కడిదాకా గాలిలో తేమ ఎక్కువ. 32 డిగ్రీల ఎండలో తేమ 80 శాతం ఉంటే, 28 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా మంచు బిందువుల్లా నీరు పడుతుంది. మెషీన్‌ను చల్లబరిచే చిల్లర్ నీళ్లను 22 డిగ్రీలకు పెట్టి హెడ్‌కు పంపితే లెన్సు మీద కంటికి కనిపించని చెమ్మ చేరుతుంది. ఆ చెమ్మ మీద లేజర్ వెలిగిందంటే లెన్సు పూత పోయినట్టే. అందుకే సోర్సుకు ఒక వేడి, హెడ్‌కు దానికన్నా కాస్త ఎక్కువ వేడి ఉండేలా రెండు వరసలుంటాయి చిల్లర్‌లో. పొద్దున్నే రాగానే మెషీన్ ఆన్ చేసే ముందు గోడకున్న తేమ మీటరు చూడడం నాకు దీపం పెట్టుకోవడం లాంటి అలవాటు అయిపోయింది.

ఫోకస్‌ను కావాలని జరపడం మాత్రం మంచి పనిముట్టు. స్టెయిన్‌లెస్‌ను నైట్రోజన్‌తో కోసేటప్పుడు ఫోకస్ షీటు లోపలికి దించుతారు, అడుగు దాకా సందు వెడల్పుగా ఉండి గ్యాస్ కరిగినదాన్ని తోసెయ్యాలి కాబట్టి. మందపు ఎంఎస్‌ను ఆక్సిజన్‌తో కోసేటప్పుడు పైకి ఎత్తుతారు, సందు వెడల్పై చిట్టెం జారాలి కాబట్టి. ఇక్కడ తీవ్రతను మనమే తగ్గించుకుంటున్నాం, తెలిసి. ఇంకోటి, ఆక్సిజన్‌తో కోసిన అంచు మీద నల్లటి ఆక్సైడ్ పొర ఉంటుంది. దాన్ని గీకకుండా పౌడర్ కోటింగ్ వేస్తే అంచు దగ్గర రంగు పెచ్చులూడుతుంది. గేటు చేయించుకునేవాళ్లు ఈ ఒక్కటి అడిగి తెలుసుకోవాలి.

కోరాపుట్ జిల్లా సునాబెడాలో హెచ్‌ఏఎల్ (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) వాళ్ల విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది, 1960లలో మిగ్ యుద్ధవిమానాల ఇంజన్ల కోసం మొదలైంది. అటు వైపు వెళ్లినప్పుడల్లా నాకు జెట్ ఇంజన్ టర్బైన్ రెక్కలు గుర్తొస్తాయి. ఆ రెక్కల్లో చల్లగాలి పోవడానికి మిల్లీమీటరు లోపు సన్నటి రంధ్రాలు వేయాలి. ప్రపంచమంతటా ఈ పనికి లేజర్ వాడతారు. మిల్లీసెకను దెబ్బతో వేస్తే పని త్వరగా అవుతుంది, కానీ కరిగి పూర్తిగా బయటికి రాని లోహం రంధ్రం గోడకు పొరలా అంటుకుని, ఆ పొరలో బీటలు వారే ప్రమాదం ఉంటుంది. వేడి ఎంత దూరం పాకుతుందో చూస్తే కారణం తెలుస్తుంది. స్టెయిన్‌లెస్‌లో మిల్లీసెకనులో సుమారు 0.13 మి.మీ., అదే 100 నానోసెకన్లలో ఒకటి రెండు మైక్రాన్లు. ఇంకా చిన్న ఫెమ్టోసెకను (నానోసెకనులో పది లక్షో వంతు) దెబ్బల్లో అయితే వేడి పాకడం మొదలుకాకముందే దెబ్బ అయిపోతుంది. అంత చిన్న దెబ్బలను పెద్ద బలంతో ఇవ్వడానికి 1985లో దారి చూపిన డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూలకు 2018లో నోబెల్ వచ్చింది.

ఈ చిన్న దెబ్బల దగ్గరే తీవ్రత గురించి నాకు బాగా నచ్చిన లెక్క ఉంది. లోహం లేచిపోవడం మొదలయ్యే హద్దు ఒకటుంటుంది. ఆ హద్దు దాటాక దెబ్బ శక్తిని రెట్టింపు చేస్తే లోతు రెట్టింపు కాదు, ముందున్న లోతుకు ఒక మెట్టు కలుస్తుంది. మళ్లీ రెట్టింపు చేస్తే మళ్లీ అంతే మెట్టు. అంటే పోసిన శక్తిలో ఎక్కువ భాగం ఊరకే వేడిగా మిగులుతుంది. నడుమ మొన తేలిన మామూలు చుక్కకు, ఖర్చుపెట్టిన శక్తికి గరిష్ఠంగా లోహం లేచేది హద్దుకు సుమారు 7.4 రెట్ల దగ్గర. అంతకన్నా పవర్ మిగిలితే దెబ్బ బలం పెంచడం కన్నా దెబ్బల సంఖ్య పెంచి చుక్కను వేగంగా తిప్పడమే లాభం. మరీ తీవ్రత పెంచితే లేచిన ఆవిరే ప్లాస్మాగా, అంటే విద్యుదావేశం నిండిన వాయువుగా, మారి వెనక వచ్చే కాంతికి అడ్డు నిలుస్తుంది. గిన్నెల కొట్టులో పేరు మాడినట్టు, మసి పట్టినట్టు వస్తే పవర్ బటన్ కన్నా ముందు వేగం బటన్ తిప్పి చూడమని నేను చెప్పేది అందుకే.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఫైబర్ లేజర్ కాంతి కంటికి కనిపించదు, కాబట్టి రెప్ప మూసుకోదు. కానీ కంటి లెన్సు దాన్ని రెటీనా మీద చుక్కగా కుదించేస్తుంది. వెల్డింగ్ నల్లద్దం దీనికి పనికిరాదు, ఆ తరంగానికి తగిన కళ్లద్దాలే కావాలి.

ఆ చక్రాన్ని మళ్లీ కోశాను. కళ్లకూ శంఖానికీ పాత సెట్టింగే ఉంచి, చక్రానికి మాత్రం వేగంతో పాటు డ్యూటీ దిగేలా గ్రాఫ్ వంచాను, ప్రతి మొన బయటా స్క్రాప్‌లో చిన్న ఉచ్చు గీశాను. మొదటిసారి ఫ్రీక్వెన్సీ తక్కువై అంచు గరుకుగా వచ్చింది, రెండోసారి కుదిరింది. ఇంటాయన మళ్లీ వచ్చి మొన మీద వేలు పెట్టి, చురుక్కుమనడంతో చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

మా షెడ్డు గోడకు ఒక జీఐ తీగ కట్టి ఉంది. రకరకాల షీట్లలో కోసిన రూపాయి బిళ్లంత ముక్కలు దానికి గుచ్చి ఉంటాయి. ఒక్కో దాని మీద పీక్, డ్యూటీ, ఫ్రీక్వెన్సీ, ఫోకస్, గ్యాస్ ప్రెషర్, తేదీ మార్కర్‌తో రాసి ఉంటాయి. ఒక ముక్కకూ పక్కదానికీ ఒక్క అంకె మాత్రమే తేడా. కొత్తగా వచ్చిన కుర్రాడు మొదటి వారం మెషీన్ ముట్టుకోడు. ఆ తీగ ముందు నిలబడి, ఏ ముక్క అంచు ఎందుకు అలా ఉందో నాకు చెప్పాలి. నిన్న గుణుపురం నుంచి వచ్చిన తమ్ముడు నాలుగో ముక్కను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసి, "దీనికి గ్లాసు మురికిగా ఉందా అన్నా?" అన్నాడు. ముక్క వెనక్కి తిప్పి తేదీ చూపించాను. ఆ రోజు సాయంత్రమే గ్లాసు మార్చినట్టు కింద రాసి ఉంది.